పోర్చుగల్ పల్లె జెండా చదవడం ఎలా? ముందు బురుజులు లెక్కపెట్టండి

ఈ దేశానికి వచ్చిన మనవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు జుంటా, అంటే ఇక్కడి పంచాయతీ, ఆఫీసు మెట్లెక్కాల్సిందే. ఫలానా చోట ఉంటున్నారని వాళ్ళిచ్చే కాగితం, 'అతెష్తాదు ద రెజిదెన్సియా', లేకపోతే చాలా పనులు ముందుకు సాగవు. చాలాచోట్ల ఆ ఊళ్ళో ఓటున్న ఇద్దరిని సాక్ష్యం తీసుకురమ్మంటారు. నేను మా కింది వాటాలో ఉండే ముసలావిణ్ణీ, ఆవిడ తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని వెళ్ళాను. మా వంతు వచ్చేదాకా కూర్చున్న కుర్చీకి ఎదురుగా గాజు బీరువా, అందులో జెండా. పట్టు గుడ్డ, పురి పెట్టిన తాడు, కుచ్చులు, నడిమధ్య దారంతో కుట్టిన డాలు. పాలకొల్లులో పదకొండేళ్ళు మగ్గం వర్కు చేసిన చెయ్యి కదా, వచ్చిన పని మర్చిపోయి జరీ ఎటునుంచి ఎటు తిప్పారో చూస్తూ ఉండిపోయాను. డాలులో ఒక మరచక్రం, రెండు ద్రాక్షగుత్తులు, అడుగున నీళ్ళు. పైన గోడలాంటి కిరీటం.

"అది మా ఊరు" అంది ముసలావిడ, ఫొటోలో మనవణ్ణి చూపించినట్టు.

అప్పట్నుంచి ఏ ఊరు వెళ్ళినా ముందు జెండా చూస్తాను. చదవడం కష్టమేమీ కాదు. నేను నేర్చుకున్న వరసలోనే చెప్తాను, చేసిన తప్పుతో సహా.

ముందు ఆ ఊరంటే ఏమిటో తెలియాలి. పోర్చుగల్‌లో 308 మునిసిపాలిటీలున్నాయి. వాటి కింద ఉండే చిన్న భాగం పేరు ఫ్రెగెజియా. మన లెక్కలో గ్రామ పంచాయతీ అనుకోండి, జుంటా అంటే పంచాయతీ ఆఫీసు, దాని ప్రెసిడెంటు సర్పంచి. 'చర్చి బిడ్డలు' అనే లాటిన్ మాట నుంచి ఆ పేరు వచ్చిందంటారు. ఒకప్పుడు చర్చి కింద ఉన్న ఇళ్ళన్నీ కలిపి ఒక ఫ్రెగెజియా. అందుకే ఈనాటికీ చాలా ఊళ్ళ పేర్లలో ఎవరో ఒక సెయింటు ఉంటారు. మన పంచాయతీకి నీలం బోర్డు మీద పేరుంటే చాలు. ఇక్కడ నాలుగైదు వందల గడప ఉన్న ఊరికి కూడా సొంత డాలు, సొంత జెండా, సొంత ముద్ర. ఈ మూడింటినీ వాళ్ళు వరసగా బ్రజాఁవ్, బందైరా, సేలు అంటారు.

ఇక చదవడం. అందరి కళ్ళూ ముందు డాలులోని బొమ్మల మీదికి పోతాయి. మీరు మాత్రం పైనున్న కిరీటం చూడండి. అది రాజుగారి కిరీటం కాదు, కోటగోడ కిరీటం. 1910లో రాజరికం పోయి రిపబ్లిక్ వచ్చింది. 1930లో హోం శాఖ ఒక సర్క్యులర్ పంపి, ఊళ్ళ చిహ్నాలన్నీ ఒక పద్ధతిలో ఉండాలంది. దాని వెనక అఫోన్సు ద దోర్నెలష్ అనే చిహ్నశాస్త్ర పండితుడి పట్టుదల ఉంది. ఇప్పుడు నడుస్తున్నది 1991లో చేసిన 53వ నంబరు చట్టం, కానీ పునాది ఆ పాత సర్క్యులరే. లెక్క ఇదీ: మామూలు పల్లెకి వెండి కిరీటం మీద మూడు బురుజులు. 'విలా' హోదా ఉన్న పెద్ద ఊరికి నాలుగు. 'సిదాద్', అంటే నగరానికి, ఐదు. రాజధాని లిస్బన్‌కి ఐదు బురుజులే, కానీ బంగారంవి. నగరం లోపల కూడా ఫ్రెగెజియాలు ఉంటాయి, అక్కడ కిరీటం సంగతి కొంచెం మెలికగా ఉంటుంది. మొదట్లోనే వాటి జోలికి పోకండి, పల్లెటూళ్ళతో మొదలుపెట్టండి.

నేను తప్పు చేసింది ఇక్కడే. ఊరి పండక్కి చర్చి దగ్గర బల్ల మీద పరచడానికి ఒక గుడ్డ కుట్టిస్తానని ముసలావిడకి మాటిచ్చాను. జుంటా జెండా ఫొటో సరిగ్గా రాలేదు. గాజు మీద లైటు పడి పై భాగమంతా తెల్లబోయింది. కిరీటమే కదా, అన్నీ ఒకటేననుకుని పక్క ఊరి చిహ్నం చూసి దించేశాను. ట్రేసింగ్ పేపరుకు సూదితో చిల్లులు పెట్టి, తెల్ల పొడి రుద్ది, పట్టు మీద గీత దించి, మూడు వారాలు కుట్టాను. ముసలావిడ కళ్ళజోడు పెట్టుకుని వేలితో లెక్కపెట్టింది. "నాలుగున్నాయే! మనం విలా కాదమ్మా. పక్క ఊరు విలా. వాళ్ళు చూశారంటే పండగంతా ఇదే మాట." పక్క ఊరికి ఆ హోదా ఎప్పుడో వచ్చింది, మా ఊరికి రాలేదు. ఆ కచ్చ నాకేం తెలుసు?

కిరీటం అయ్యాక డాలు కిందున్న తెల్ల పట్టీ చూడండి. లిష్టెల్ అంటారు. దాని మీద నల్ల పెద్దక్షరాల్లో ఊరి పేరు, చాలాచోట్ల గీత పెట్టి పక్కన మునిసిపాలిటీ పేరు ఉంటాయి. ఇది ఎంత అవసరమో తిరిగితే తెలుస్తుంది. సావ్ పెద్రు, శాంత మరియ అనే పేర్లతో ఊళ్ళు కొల్లలు. పట్టీ చదవకుండా ఇంటర్నెట్‌లో బొమ్మ దించుకుంటే ఇంకో జిల్లా ఊరిది చేతికొస్తుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. బొమ్మని నమ్మకండి, రాతని నమ్మండి. మగ్గం పనివాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. 'నెమలి, రెండు మామిడి పిందెలు, కింద తీగ' అని ఆర్డరొస్తే పదిమంది పది రకాలుగా కుడతారు, పదీ సరైనవే. ఇక్కడా అంతే. ఊరి చిహ్నం అంటే ఒక వాక్యం. ఆ వాక్యానికి సరిపోయేట్టు ఎవరు గీసినా అది ఊరి చిహ్నమే. వెబ్‌సైటులో కనపడేది ఎవరో ఒకరు గీసిన ఒక బొమ్మ మాత్రమే. ఒక ఊరి జుంటా వెబ్‌సైటులో ద్రాక్షలు ఊదా రంగులో చూశాను, రాతలో చూస్తే బంగారం అని ఉంది.

ఆ వాక్యం ఎక్కడ దొరుకుతుంది? ప్రభుత్వ గెజిట్‌లో, దియారియు ద రెపూబ్లికా అని. ఆన్‌లైన్‌లో ఉచితం. ఊరి పేరు కొట్టి పక్కన 'ఒర్దెనసాఁవ్ ఎరాల్దికా' అనే మాట పోర్చుగీసు అక్షరాల్లో (ordenação heráldica) కొట్టండి. దొరికిన ప్రకటనలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. పోర్చుగీసు పురావస్తు శాస్త్రవేత్తల సంఘంలోని చిహ్నాల కమిషన్ ఫలానా తేదీన అభిప్రాయం చెప్పింది, జుంటా ప్రతిపాదించింది, ఊరి అసెంబ్లీ ఒప్పుకుంది, ఇదిగో డాలు, ఇదిగో జెండా, ఇదిగో ముద్ర. ఆ సంఘం 1863 నాటిది. 1755 భూకంపంలో కప్పు కూలిన లిస్బన్ కార్ము మఠంలో దాని మ్యూజియం ఉంది. లిస్బన్ వెళ్తే చూడండి, ఆకాశమే కప్పు. పాత ప్రకటన ఆన్‌లైన్‌లో దొరక్కపోతే జుంటా కౌంటరులోనే అడగండి. నేను అడిగితే ఆవిడ ఆశ్చర్యపోయి జిరాక్సు తీసిచ్చింది, డబ్బులు కూడా తీసుకోలేదు.

మా ఊరి పేరు చెప్పను గానీ రాత మాత్రం తెలుగులో చెప్తాను: "ఆకుపచ్చ డాలు, వెండి మరచక్రం, పై భాగంలో బంగారు ద్రాక్షగుత్తులు రెండు, అడుగున వెండి, నీలం రంగుల్లో అలల పట్టీలు మూడు. మూడు బురుజుల వెండి కోటగోడ కిరీటం. తెల్ల పట్టీ, నల్ల అక్షరాలు." అంతే. చక్రానికి ఆకులెన్నో, గుత్తికి పండ్లెన్నో చెప్పలేదు. అది గీసేవాళ్ళ ఇష్టం. చెప్పినదాన్ని మాత్రం మార్చకూడదు.

ఇలాంటి రాత చదవడానికి పది మాటలు చాలు. ఓరు బంగారం, ప్రాత వెండి, వెర్మేల్యు ఎరుపు, అజూల్ నీలం, వేర్ద్ ఆకుపచ్చ, నేగ్రు నలుపు, పూర్పురా ఊదా. షెఫ్ అంటే డాలు పై భాగం, కంపాన్య అడుగు భాగం, ఒందాదు అంటే అలలుగా ఉన్నది. ఇంకొక్కటి గుర్తుంచుకోండి: డాలుకి కుడి ఎడమలు దాన్ని పట్టుకున్నవాడివి, చూసేవాడివి కావు. 'కుడి వైపు తాళంచెవి' అని రాసుంటే మీ కంటికి అది ఎడమ పక్కన ఉండాలి. వరస కూడా ఎప్పుడూ ఒకటే. ముందు గుడ్డ రంగు, తర్వాత దాని మీద పెద్ద బొమ్మ, ఆపైన చిన్నవి. మనం కుట్టే వరస కూడా అదే కాబట్టి నాకు సులువుగా ఎక్కింది. మాటల భయం పెట్టుకోకండి. దారాల కొట్టుకెళ్ళి గుండీలు ఏమంటారో తెలియక చేత్తో చూపిస్తే కొట్టావిడ "బొతాఁవ్" అంది. మన బొత్తాం అక్కణ్ణుంచి వచ్చిందే. మేస్త్రి, అనాస కూడా వీళ్ళ దగ్గర్నుంచి ఓడెక్కి వచ్చినవే.

రంగుల్లో ఒక కట్టుబాటుంది. బంగారం, వెండి లోహాలు, మిగతావి రంగులు. లోహం మీద లోహం పెట్టకూడదు, రంగు మీద రంగు పెట్టకూడదు. ఎందుకని అడిగితే పుస్తకాలు యుద్ధభూమిలో దూరం నుంచి కనపడాలని చెప్తాయి. పాలకొల్లులో మా ఓనరమ్మ ఇంకా తేలిగ్గా చెప్పేది: "పసుపు జాకెట్టు మీద జరీ వేస్తే ఎవరికి కనపడుతుందే?" మీరు గీసిన బొమ్మలో ఎరుపు మీద నీలం, తెలుపు మీద పసుపు వచ్చిందంటే, ఎక్కడో తప్పు చదివారు. మళ్ళీ గెజిట్ తెరవండి.

బొమ్మల అర్థాలకి వస్తే, ఇదే నాకు అన్నిటికంటే ఇష్టం. చాలా డాళ్ళలో మూడు ప్రశ్నలకి జవాబుంటుంది: మీ సెయింటు ఎవరు, మీ నీళ్ళెక్కడివి, మీరేం పండిస్తారు.

సెయింటుని మనిషిగా అరుదుగా వేస్తారు. ఆయన వస్తువు వేస్తారు. అడ్డంగా జతచేసిన రెండు తాళంచెవులు పీటర్‌వి. సముద్రపు గవ్వలాంటి చిప్ప జేమ్స్‌ది, వీళ్ళ సాంతియాగు. ఇనుప కమ్మీల జల్లెడలాంటిది లారెన్స్‌ది, ఆయన్ని దాని మీదే కాల్చారని కథ. బాణాలు సెబాస్టియన్‌వి, త్రాసు మైకేల్‌ది, గొర్రెపిల్ల బాప్తిస్మమిచ్చిన యోహానుది. ఏటవాలుగా పడుకోబెట్టిన శిలువ ఆండ్రూది. లిల్లీ పువ్వు కనపడితే చాలావరకు మరియమ్మే. ఇక్కడ అందరూ పొరబడేది చక్రం దగ్గర. చుట్టూ కత్తుల్లాంటి మొనలుంటే అది సెయింట్ కేథరిన్ చక్రం. నీళ్ళు తట్టే పలకలుంటే పిండిమర చక్రం. నున్నటి పళ్ళుంటే ఫ్యాక్టరీ గేరు. మొదటిది భక్తి, రెండోది వాగు, మూడోది జీతం. రాతలో ఏ చక్రమో స్పష్టంగా రాస్తారు కాబట్టి ఊహించకండి.

అడుగున వెండి, నీలం అలలుంటే ఊళ్ళో ఏరుంది. వంతెన ఉంటే నిజంగానే పాత వంతెన ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. పంటల వల్ల ప్రాంతం చెప్పెయ్యొచ్చు. ఉత్తరాన మిన్యు వైపు ద్రాక్ష, రాతి కాళ్ళ మీద నిలబెట్టిన మొక్కజొన్న గాదె. సుయాజు, లిందోజు ఊళ్ళలో ఆ గాదెలు గుంపులుగా ఉంటాయి. మొదటిసారి చూసి సమాధులనుకున్నాను. దక్షిణాన అలెంతేజులో గోధుమ కంకి, ఆలివు కొమ్మ, సీసా బిరడాల బెరడునిచ్చే ఓక్ చెట్టు. ఇంకా కిందికి అల్గార్వ్‌లో బాదం పువ్వు, అత్తి పండు. గనులున్న చోట గడ్డపార, దీపం. రాతి స్తంభం ఒక్కటే నిలబెట్టి ఉంటే అది పెలోరీఞు, ఒకప్పుడు నేరస్తుల్ని కట్టేసి శిక్షించిన స్తంభం. అది డాలులో ఉందంటే ఆ పల్లె ఒకప్పుడు సొంత మునిసిపాలిటీ. 'మేమూ ఒకప్పుడు' అని చెప్పుకోవడమన్నమాట.

శిలువల విషయంలో మాత్రం జాగ్రత్త. అన్ని శిలువలూ చర్చివి కావు, కొన్ని భూస్వాములవి. మధ్యయుగంలో పోరాడే సన్యాసుల సంఘాలకి రాజులు ఊళ్ళకి ఊళ్ళు రాసిచ్చారు. ఎర్ర శిలువ మధ్యలో తెల్ల శిలువ ఉంటే క్రీస్తు సంఘం. టెంప్లార్లు అనే పాత సంఘం ఆస్తి పోకుండా దినిష్ రాజు కాలంలో, 1319లో, పెట్టిన సంఘమిది. తొమార్ వాళ్ళ కోట. కొసలు పువ్వుల్లా విచ్చుకున్న ఆకుపచ్చ శిలువ అవీష్ సంఘానిది. కత్తిలా కింద మొన తేలిన ఎర్ర శిలువ సాంతియాగు సంఘానిది, పల్మేల కోట వైపు ఊళ్ళలో వెతకండి. ఎనిమిది మొనల తెల్ల శిలువ మాల్టా వాళ్ళది, క్రాతు చుట్టుపక్కల. డాలు చూసి, ఐదారు వందల ఏళ్ళ కింద ఆ ఊరి శిస్తు ఎవరికి పోయేదో చెప్పొచ్చు. జమీందారు దిగిపోయినా గుర్తు మిగిలింది.

నా మటుకు నాకు, మూడు వస్తువులు దాటిన డాలు నచ్చదు. వంతెన, మర, గాదె, చర్చి, ద్రాక్ష, తేనెటీగ అన్నీ కలిపి కుక్కిన ఊళ్ళున్నాయి. పెళ్ళి జాకెట్టు వీపు మీద పల్లకీ, వధూవరులు, ఏనుగు, పేర్లు, తేదీ అన్నీ వేయించుకున్నట్టుంటుంది. పది అడుగుల దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు. అదే లిస్బన్ డాలు చూడండి, ఓడ, రెండు కాకులు, అంతే. 1173లో సెయింట్ విన్సెంట్ అవశేషాలు ఓడలో లిస్బన్‌కి తెస్తుంటే కాకులు కాపలా వచ్చాయని కథ.

డాలు అయ్యాక జెండా. గుడ్డని బట్టి కూడా హోదా తెలుస్తుంది. నగరం జెండాకి నడిమధ్య నుంచి ఎనిమిది ముక్కలు, పిజ్జా కోసినట్టు, రెండు రంగులు మార్చి మార్చి. లిస్బన్‌ది నలుపు తెలుపు, కూయింబ్రాది ఊదా పసుపు. విలాకి చాలావరకు నాలుగు గడులు. పల్లెకి సాధారణంగా ఒకే రంగు గుడ్డ. ఆ రంగు డాలులోని ముఖ్యమైన వస్తువుల నుంచి తీసుకుంటారు. బంగారం జెండాలో పసుపవుతుంది, వెండి తెలుపవుతుంది. మా ఊరిది పసుపు, తాడూ కుచ్చులూ బంగారం, ఆకుపచ్చ కలిపి పేనినవి. కర్రా, దాని చివర బల్లెం మొనా బంగారు రంగువి. ఊరేగింపులో పట్టేది చదరంగా ఉంటుంది, మీటరుకి మీటరు, పట్టు మీద కుట్టు పని. స్తంభానికి ఎగరేసేది వేరు, పొడవు వెడల్పుకి ఒకటిన్నర రెట్లు. కొలత తెలియకుండా గుడ్డ కొనకండి, పట్టు ఇక్కడ మనూళ్ళో ధరకి రాదు.

మూడోది ముద్ర. గుండ్రంగా ఉంటుంది, డాలులోని వస్తువులే ఉంటాయి, రంగులు మాత్రం చూపించరు. చుట్టూ జుంటా పేరు. మీ అతెష్తాదు కాగితం ఇంట్లో ఉంటే తీసి చూడండి, చాలావరకు చిహ్నం దాని మీదే ఉంటుంది. రాతి మీద చెక్కిన పాత చిహ్నాల్లో మాత్రం గీతలతో రంగు చెప్పే పద్ధతి కనపడొచ్చు. చుక్కలు బంగారం, ఖాళీ వెండి, నిలువు గీతలు ఎరుపు, అడ్డ గీతలు నీలం, పై ఎడమ నుంచి కింది కుడికి ఏటవాలు గీతలు ఆకుపచ్చ. కాలిబాట మీద నల్ల, తెల్ల రాళ్ళతో పేర్చిన చిహ్నాల్లో రంగు వెతికి లాభం లేదు, అక్కడ ఆకారం ఒక్కటే.

ఒక చిక్కు మిగిలింది. 2013లో ఖర్చు తగ్గించాలని చాలా ఫ్రెగెజియాలని కలిపేశారు. 4,200 పైచిలుకు ఉన్నవి 3,100కి లోపే అయ్యాయి. 'ఫలానా, ఫలానా ఊళ్ళ ఐక్య ఫ్రెగెజియా' అని రెండు మూడు పేర్ల బారెడు బోర్డులు వచ్చాయి. మళ్ళీ 2025లో చట్టం చేసి వాటిలో కొన్నింటిని విడదీశారు. కాబట్టి ఒకే ఆఫీసులో రెండు పాత జెండాలు పక్కపక్కన కనపడినా, కొత్తది ఒకటి కలిపి చేసినా కంగారు పడకండి. ప్రకటన తేదీ చూసి ఏది ఏ కాలానిదో తేల్చుకోండి. ఏదైనా మీద అచ్చువేసి అమ్మాలనుకుంటే మాత్రం ముందు జుంటాని అడగండి. చిహ్నం ఊరిది.

ఇక నా గుడ్డ సంగతి. నాలుగో బురుజు విప్పేశాను. విప్పితే మిగిలిన మూడూ ఒక పక్కకి ఒరిగినట్టు కనపడ్డాయి, మొత్తం కిరీటం విప్పి మళ్ళీ కుట్టాల్సొచ్చింది. పట్టు మీద సూది బెజ్జాలు పోవు. ఆవిరి పట్టాను, గోరుతో రుద్దాను, కిటికీ దగ్గర పెట్టి చూస్తే ఇంకా తెలుస్తూనే ఉన్నాయి. పండగ నాడు ముసలావిడ సరిగ్గా ఆ బెజ్జాల మీద పూలకుండీ పెట్టింది. పక్క ఊరివాళ్ళు వచ్చినప్పుడల్లా అది కదలకుండా చూసుకుంది.